ప్రధానోపాధ్యాయుడు కావడానికి ముందు పీజీ శిక్షణ తప్పనిసరి చేయాలా?

చర్చ ప్రారంభం: గణిత స్కూల్ అసిస్టెంట్, గాజువాక

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి సీనియారిటీ జాబితాలో నా పేరు గ్రేడ్-2 ప్రధానోపాధ్యాయ పదోన్నతికి దగ్గరగా వచ్చింది. పదోన్నతికి కావలసిన శాఖాపరమైన పరీక్షలు, అంటే గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు ఎప్పుడో పాసయ్యాను కనుక నిబంధనల ప్రకారం నాకు లోటేమీ లేదు. అయినా ఆ కుర్చీకి ఈ అర్హతలు చాలవని నాకే అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

పోయిన ఏడాది మా ప్రధానోపాధ్యాయులు వైద్య సెలవులో ఉన్న రెండు నెలలూ ఇన్‌చార్జిగా పనిచేశాను. జీతాల బిల్లు పెట్టడం, సర్వీసు రిజిస్టర్లలో ఇంక్రిమెంట్లు నమోదు చేయడం, సెలవుల లెక్క తేల్చడం వంటి పనుల్లో పరీక్షలకు చదివిన చదువు అక్కరకొచ్చింది. ఒకరోజు కొత్తగా చేరిన సైన్సు ఉపాధ్యాయిని తరగతి పరిశీలనకు వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం. ఆమె నల్లబల్ల మీద పత్రరంధ్రం, అంటే ఆకు మీద ఉండే సన్నని రంధ్రం బొమ్మ ఎంతో చక్కగా గీసి, నోట్సు చెప్పి రాయించారు. పిల్లలందరూ తల వంచుకుని రాశారు. నా పక్కన కూర్చున్న అబ్బాయిని "ఇది ఎక్కడ ఉంటుంది రా?" అని మెల్లగా అడిగితే వాడు నల్లబల్ల వైపు వేలు చూపించాడు. కిటికీ అవతల చేతికందే దూరంలో వేపకొమ్మ ఊగుతోంది. పీరియడ్ అయ్యాక ఆమె బయటికి వచ్చి "ఎలా ఉంది సార్?" అని అడిగారు. లోపం నాకు కనబడింది కానీ, మనసు నొచ్చుకోకుండా, రేపటి పాఠం మారేలా దాన్ని ఎలా చెప్పాలో తెలియక "బాగుంది మేడమ్" అని వచ్చేశాను. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. ప్రధానోపాధ్యాయులకు, ఎంఈఓ (మండల విద్యాధికారి), డిప్యూటీ ఈఓ (ఉప విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి) స్థాయి అధికారులకు పదవిలో చేరకముందే పాఠశాల నాయకత్వంలో ఒక ఏడాది పీజీ చదువు తప్పనిసరి చేయాలా? చేయాలనే నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమిలి

మాస్టారూ, మీ నిజాయితీకి నమస్కారం. అయితే మీరు చెబుతున్న మందుతో నేను ఏకీభవించలేను. నేను ఏ డిప్లొమా లేకుండానే పదకొండేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీద పడినప్పుడు మా ఆఫీసు గది పైకప్పు రేకులు లేచిపోయి, బీరువాలోకి నీళ్లు దిగి, అడ్మిషన్ రిజిస్టర్లు ముద్దయిపోయాయి. ఆ రిజిస్టరులోని పుట్టిన తేదీ మీదే టీసీలు ఇవ్వాలి, ఎప్పుడో చదివి వెళ్లినవారు నకలు అడిగినా దానిలోంచే ఇవ్వాలి. నేనూ, మా అటెండరూ, ఇద్దరు ఉపాధ్యాయులూ నాలుగు రోజులపాటు వరండాలో కూర్చుని, పేజీకీ పేజీకీ మధ్య పాత వార్తాపత్రికలు పెట్టి ఆరబెట్టాం. కరెంటు ఇంకా రాలేదు, ఊళ్లో చెట్లు రోడ్ల మీదే ఉన్నాయి, అయినా బడి తెరిచేనాటికి ఒక్క పేరు కూడా పోలేదు. నాతో ఆ పని చేయించింది మా పాత ప్రధానోపాధ్యాయుడి దగ్గర పదేళ్లు చూసి నేర్చుకున్న శ్రద్ధ. ఏ విశ్వవిద్యాలయమూ దానిని సిలబస్‌లో పెట్టలేదు.

మరో సంగతి కూడా ఆలోచించండి. పదోన్నతి నాటికి మన ఉపాధ్యాయుల్లో చాలామంది యాభై దాటి ఉంటారు. ఏడాది చదువు తప్పనిసరి అంటే ఇల్లు, పిల్లల పెళ్లిళ్లు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవారు, ముఖ్యంగా మహిళా ఉపాధ్యాయులు, హక్కుగా రావలసిన పదవికి దూరమైపోతారు. ఫీజు కట్టగలిగినవాడు కాగితం తెచ్చుకుని ముందు వరుసలో నిలబడతాడు.

పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు, పెందుర్తి

మా అమ్మాయి చదివే బడిలో రెండేళ్లలో ముగ్గురు ఇన్‌చార్జిలు మారారు. ఎవరికి ఏ పట్టా ఉందో మాకు తెలియదు. ఎండాకాలంలో మంచినీళ్ల ట్యాంకు శుభ్రం చేయించమని అడిగితే, "రాసి పంపాం" అని మొదటివారు, "నా చేతిలో లేదు" అని రెండోవారు చెప్పారు. మూడోవారు ఆ రోజే మాతోపాటు మేడ మీదికి ఎక్కి చూశారు. మీ పెద్దల చర్చలో నాది ఒక్కటే ప్రశ్న. ఉపాధ్యాయులు ఏడాది శిక్షణకు వెళితే ఆ ఏడాది మా పిల్లలకు లెక్కలు ఎవరు చెబుతారు?

ఎం.ఎడ్. అధ్యాపకురాలు, విశాఖపట్నం

పై ముగ్గురి మాటల్లోనూ వాస్తవం ఉంది కనుక, ముందు ఉన్న పరిస్థితిని స్పష్టంగా చెప్పుకుందాం. మన దేశంలో ఈ చదువు లేకపోలేదు. న్యూఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ, అంటే నీపా, జిల్లా స్థాయి విద్యాధికారుల కోసం విద్యా ప్రణాళిక, పరిపాలనలో పీజీ డిప్లొమా నడుపుతోంది. 2012లో అక్కడే జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది, ఆ తరువాత పాఠశాల నాయకత్వం, నిర్వహణలో పీజీ డిప్లొమా వచ్చింది. ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యగా విద్యా నిర్వహణ, పరిపాలన డిప్లొమా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులు, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరలోని బడుల సముదాయం) నాయకులు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని ఆశించింది. అయితే ఇవన్నీ చాలావరకు పదవిలోకి వచ్చాక అందే శిక్షణలు. పదవికి ముందు మనం పరీక్షించేది మాత్రం నిబంధనల పుస్తకాన్నే. గాజువాక మాస్టారి బాధ సరిగ్గా ఆ ఖాళీలోంచి పుట్టింది.

ఇక తప్పనిసరి చేయడం గురించి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావాలన్నా, ఒక డిస్ట్రిక్టు పాఠశాలలన్నిటికీ అధిపతి అయిన సూపరింటెండెంట్ కావాలన్నా మాస్టర్స్ స్థాయి చదువు, దానిపై లైసెన్సు ఉండాలి. అయినా కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ అధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ లెవిన్ 2005లో వెలువరించిన నివేదికలో ఆ కోర్సులను తీవ్రంగా తప్పుపట్టారు. ప్రవేశ ప్రమాణాలు తక్కువనీ, పాఠ్యాంశాలకూ బడి పనికీ పొంతన లేదనీ, బడిలో చేయించే అభ్యాసం చాలా బలహీనంగా ఉందనీ, చాలామంది జీతం పెరుగుతుందనే చేరుతున్నారనీ అందులో రాశారు. ఇంగ్లండులో మొదటిసారి ప్రధానోపాధ్యాయులయ్యేవారికి జాతీయ అర్హతా పత్రాన్ని 2009లో తప్పనిసరి చేసి, 2012లో ఆ నిబంధనను ఎత్తివేశారు. ఇప్పుడు అది ఇష్టమైనవారు చేసే చదువు. కాబట్టి భీమిలి మాస్టారి భయం ఊహ కాదు.

కానీ సింగపూర్‌ను కూడా చూడండి. అక్కడ 2001 నుంచి ప్రధానోపాధ్యాయులు కాబోయేవారిని ముందే ఎంపిక చేసి, పూర్తి జీతంతో, ఆరు నెలల పూర్తికాలపు శిక్షణకు పంపుతున్నారు. ఆ కాలంలో కొంత భాగం తమది కాని మరో బడిలో ఒక మార్పు ప్రయత్నాన్ని చేపట్టి చూపాలి. ఖర్చు ప్రభుత్వానిది, ఎంపిక కూడా ప్రభుత్వానిదే. ఎవరికి వారు ఫీజు కట్టి పట్టా తెచ్చుకునే పద్ధతికీ, శాఖే బాధ్యత తీసుకుని తయారుచేసుకునే పద్ధతికీ మధ్య తేడా చాలా పెద్దది. రెండో పద్ధతి అయితేనే నేను తప్పనిసరిని సమర్థిస్తాను.

పెందుర్తి అమ్మగారి ప్రశ్నకు జవాబు లేకుండా ఏ ప్రణాళిక వేసినా అది తప్పే అవుతుంది. ఏడాది పొడవునా తరగతి నుంచి తప్పించకుండా, వేసవి సెలవుల్లో తరగతులు పెట్టి, విద్యా సంవత్సరంలో వారానికి ఒక పూట మరో బడిలో అభ్యాసం చేయించవచ్చు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన భీమిలి డైట్ ఉండనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విద్యా విభాగం ఉంది. దీనికోసం ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు.

డిప్యూటీ ఈఓ పరీక్షకు సిద్ధపడుతున్న అభ్యర్థి, మద్దిలపాలెం

చర్చ అంతా ప్రధానోపాధ్యాయుల చుట్టూనే తిరుగుతోంది కనుక పై స్థాయి గురించి ఒక మాట. 2023 చివర్లో ఏపీపీఎస్సీ 38 డిప్యూటీ ఈఓ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. నిర్దేశించిన సబ్జెక్టులో పీజీ, దానితోపాటు బీఈడీ ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. నేను కోచింగ్‌లో విద్యా మనోవిజ్ఞానం, విద్యా చరిత్ర కంఠస్థం చేస్తున్నాను. ఎంపికైతే ఎన్నో ఉన్నత పాఠశాలలను తనిఖీ చేయాలి, పాతికేళ్ల అనుభవమున్న ప్రధానోపాధ్యాయులకు సూచనలివ్వాలి, కానీ నేను ఒక్క బడిని కూడా ఒక్క రోజైనా నడిపి ఎరుగను. అనుభవమే శిక్షణ అన్న భీమిలి గురువుగారి వాదన సీనియారిటీతో వచ్చేవారికి వర్తించవచ్చు, నేరుగా వచ్చే మాలాంటివారికి ఆ అనుభవం ఎక్కడిది? మాకు మాత్రం నియామకానికీ బాధ్యతల స్వీకారానికీ మధ్య ఏడాది తప్పనిసరిగా ఉండాలని, అందులో సగమైనా ఒక ప్రధానోపాధ్యాయుడి పక్కన గడవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమిలి

అబ్బాయీ, నీ మాట కాదనలేను. నేరుగా వచ్చే అధికారుల విషయంలో తప్పనిసరికి నేను ఒప్పుకుంటున్నాను. నిజానికి నా కాలంలో మంచి అధికారులు కొందరు తనిఖీకి వస్తే ముందు రికార్డులు అడిగేవారు కాదు, తరగతిలో పిల్లల పక్కన కూర్చునేవారు. అది వారికి ఎవరు నేర్పారో నాకు తెలియదు, అందరికీ అబ్బలేదన్నది మాత్రం నిజం.

సీనియారిటీ మీద వచ్చేవారి విషయంలో నా అభ్యంతరం పట్టా మీదే. మేడమ్ గారు చెప్పినట్లు ఖర్చు శాఖ భరించి, సెలవుల్లో తరగతులు పెట్టి, పదోన్నతి వరుసను ఆ పట్టా తారుమారు చేయకుండా, జాబితాలో పేరు దగ్గరపడిన ప్రతివారికీ రెండేళ్ల ముందే శిక్షణ ఇస్తామంటే నేను ఎదురు చెప్పను. అలాగని మార్కులు పెట్టి వడపోస్తామంటే మాత్రం ఒప్పుకోను. మరో సంగతి, గాజువాక మాస్టారు ఎదుర్కొన్న ఇబ్బంది నాకూ తెలుసు. తుపానులో రిజిస్టర్లు కాపాడాను కానీ, తోటి ఉపాధ్యాయుడితో పాఠం గురించి మాట్లాడటం నేర్చుకోవడానికి నాకు ఆరేడేళ్లు పట్టింది. ఆ ఆరేడేళ్లలో నా దగ్గర పనిచేసినవారికి నేను ఏమీ నేర్పలేకపోయాను. ఇది రాయడం నాకు సులభం కాదు.

గణిత స్కూల్ అసిస్టెంట్, గాజువాక

గురువుగారూ, మీ చివరి వాక్యాలు రెండుసార్లు చదివాను. పదోన్నతి వరుసను ముట్టకూడదన్న మీ షరతును నేను అంగీకరిస్తున్నాను. వడపోత విషయంలో మాత్రం నాకు ఇంకా భేదాభిప్రాయమే ఉంది. శిక్షణ తరువాత కూడా తరగతి పరిశీలన చేసి రెండు ఉపయోగపడే మాటలు చెప్పలేనివారికి మరోసారి అభ్యాసం చేయించకుండా బడిని అప్పగించడం పిల్లలకు అన్యాయం. పెందుర్తి తల్లిగారు చెప్పిన ముగ్గురు ఇన్‌చార్జిలలో మొదటి ఇద్దరిలాగా నేను మారకూడదు.

శాఖ ఎప్పుడు ఏం చేస్తుందో తెలియదు కనుక ఒక చిన్న విన్నపం. ఆ సైన్సు ఉపాధ్యాయినికి నిన్న నేనే విషయం చెప్పి, ఆ రోజు మనసులో మాట దాచినందుకు క్షమించమని అడిగాను. ఆమె నొచ్చుకోలేదు, "అప్పుడే చెప్పి ఉంటే ఆకులు తెప్పించేదాన్ని కదా సార్" అన్నారు. గురువారం మూడో పీరియడ్‌కు మళ్లీ రమ్మన్నారు. మా ప్రధానోపాధ్యాయుల అనుమతి కూడా తీసుకున్నాను. భీమిలి నుంచి రెండు బస్సులు మారాలని తెలుసు, అయినా మీరు వచ్చి నా పక్కన కూర్చుని, తరువాత ఆమెతో మీరు ఎలా మాట్లాడతారో నన్ను చూడనివ్వగలరా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమిలి

వస్తాను మాస్టారూ. అయితే మాట్లాడేది మీరు. నేను పక్కన కూర్చుంటాను. తొమ్మిదిన్నరకల్లా మీ బడి గేటు దగ్గర ఉంటాను.