మనమా, మేమా? వీడియో ఆటల అనువాదంలో ఒక్క "వియ్" తెచ్చే చిక్కు

ప్రశ్న:
కోటలో ఉన్న ఖైదీ ఆటగాడితో అనే మాట ఇది: "వియ్ మస్ట్ లీవ్ బిఫోర్ డాన్." తెలుగులో "తెల్లారేలోపు మనం బయల్దేరాలి" అని ఉంది. నాలుగు సన్నివేశాల తర్వాత ఆ ఖైదీ ఆటగాణ్ణి అక్కడే వదిలేసి తన ముఠాతో పారిపోతాడు. ఇంగ్లీషులో అతను అబద్ధమాడలేదు, "వియ్"లో వినేవాడు ఉండొచ్చు, లేకపోవచ్చు. తెలుగులో పచ్చి అబద్ధమాడినట్టయింది. పోనీ "మేము" అంటే గుట్టు అక్కడికక్కడే రట్టవుతుంది. దారేది?

జవాబు:
సర్వనామం తీసేయండి. "తెల్లారేలోపు బయల్దేరాలి" చాలు. "-ఆలి" క్రియ ఎవరికైనా ఒకేలా ఉంటుంది. "బయల్దేరతాం" అన్నా ఇబ్బంది లేదు, మేముకీ మనంకీ అదే రూపం. "బయల్దేరదాం" మాత్రం వద్దు, "-దాం"లో వినేవాడు కూడా కలిసిపోతాడు. నన్నడిగితే ఇక్కడ అందమైన మాట "అందరం". మేమందరమో మనమందరమో అది చెప్పదు. "తెల్లారేలోపు అందరం బయల్దేరాలి" అంటే ఆటగాడు తననీ కలుపుకుంటాడు. తర్వాత వెనక్కెళ్ళి చూసుకుంటే ఖైదీ మాట తప్పలేదని తెలుస్తుంది. మూలంలో ఉన్న మెలిక చెక్కుచెదరదు.

"అవర్" ఇంత తేలిగ్గా లొంగదు. "మా పడవ", "మన పడవ" రెండూ పట్టిచ్చేస్తాయి. "పడవ రేవులో ఉంది" అని వస్తువు పేరుతో సరిపెట్టాలి.

మరో జవాబు:
అసలు తప్పు అనువదించాల్సిన వాక్యాల పట్టికలో మొదలవుతుంది. "వియ్ వన్!" లాంటి వాక్యం పది చోట్ల వస్తే అనువాద స్మృతి (పాత అనువాదాల్ని దాచుకుని మళ్ళీ అందించే సాఫ్ట్‌వేర్) మొదటి తెలుగు వాక్యాన్నే మిగతా తొమ్మిదింట్లోనూ నింపేస్తుంది. శత్రువు ఆటగాడి ముఖం మీదే "మనం గెలిచాం" అంటాడు! "వియ్", "అస్", "అవర్" ఉన్న వరుసల్ని వడపోసి, ఎవరు ఎవరితో అంటున్నారో రెండు నిలువు వరుసల్లో రాయించుకోండి. అవి నిండేదాకా పాత వాక్యంతో నూటికి నూరు సరిపోలిందని స్మృతి చూపిన వాటిని కూడా ఆమోదించవద్దు. ఆటగాడు ఏ పక్షం చేరాడన్న దాన్ని బట్టి అర్థం మారే వాక్యమైతే ఒకే వరుస చాలదు, రెండు వేర్వేరు వరుసలు కావాలని నిర్మాతల్ని అడగాలి.

హిందీ అనువాదం చూసి తేల్చుకోవద్దు, "హమ్" రెండింటికీ సరిపోతుంది. తమిళంలో నామ్, నాంగళ్ తేడా ఉంది. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ ఉన్నాయి. ఆ అనువాదాలుంటే వాళ్ళు ఏం ఎంచుకున్నారో చూడొచ్చు.

ఇంకో జవాబు:
ఎవరో బయటపడకూడని ముసుగు మనిషి విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక్కరికే వాడిన ఇంగ్లీషు "దే" వెనక ఆడో మగో తెలియదు. తెలుగులో "వచ్చాడు" అంటే మగ అని తేలిపోతుంది. "వచ్చింది" ఆడమనిషికీ మృగానికీ ఒకటే. "ఎవరో వచ్చారు" అంటే గుట్టు నిలుస్తుంది, "ఎవరో" పక్కన ఉంటే "-రు"లో గౌరవం కూడా ధ్వనించదు. ఆ పాత్ర తానే మాట్లాడితే చిక్కే లేదు, "వచ్చాను"కి లింగభేదం లేదు.

ప్రశ్న అడిగినవారు:
"తెల్లారేలోపు అందరం బయల్దేరాలి" ఖాయం చేశాను. దాని కింది వరుస "దే విల్ కిల్ అస్". "మనల్ని" తీసేసి "దొరికితే చంపేస్తారు" అని మార్చాను.