1971 బంగ్లాదేశ్ యుద్ధంలోకి మన సైన్యం ఏప్రిల్‌లోనే ఎందుకు దిగలేదు?

గోదారిగట్టు:
మార్చి 25 రాత్రి ఢాకాలో పాక్ సైన్యం ఊచకోత మొదలెట్టింది. మనవాళ్లు పూర్తిగా యుద్ధంలోకి దిగింది డిసెంబరులో. ఈలోపు కోటిమంది దాకా శరణార్థులు వచ్చిపడ్డారు. కారణం కళ్లెదుటే ఉన్నా ఎనిమిది నెలలు ఆగడం సబబేనా? ఇలాంటప్పుడు అసలు ఏమేం చూస్తారు?

పాతపటం:
కారణం ఒక్కటే చాలదండీ. తూర్పు బెంగాల్ (అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్) పటం ముందేసుకోండి. జూన్‌లో వానలు పడ్డాక పద్మ, మేఘన పొంగుతాయి, ట్యాంకు రోడ్డు దిగితే కూరుకుపోతుంది. వేసవిలో హిమాలయ కనుమలు తెరిచే ఉంటాయి కాబట్టి చైనా వైపున్న డివిజన్లను కదపలేరు. మంచు పడ్డాక కొన్నిటిని దించుకోవచ్చు.

సరఫరా ఇంకా పెద్ద తలనొప్పి. అప్పట్లో అగర్తలాకు రైలే లేదు. త్రిపుర వైపునుంచి దిగే మన 4వ కోర్‌కు (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) మందుగుండు, డీజిలు, రేషను అన్నీ కొండరోడ్ల మీద లారీల్లో మోసి నిల్వ చేయాలి. ఆ తయారీ ఉంది కాబట్టే, ఆశుగంజ్ దగ్గర పాక్ సైన్యం మేఘన వంతెన పేల్చేసినా డిసెంబరు 9న ఎంఐ-4 హెలికాప్టర్లలో దళాలను ఆవలి ఒడ్డున దించగలిగారు.

(అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా ప్రధాని ఇందిరాగాంధీకి ఎదురు చెప్పి ఆపారన్న కథ ఆయన తర్వాత చెప్పిందే. ఆమెకూ అప్పుడు తొందర లేదని కొందరు చరిత్రకారులంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.)

యాభైఒకటి:
న్యూయార్క్ సంగతి కూడా చూడాలి. ఐరాస చార్టర్ 51వ అధికరణం ఆత్మరక్షణకే ఒప్పుకుంటుంది. పక్కదేశం తన జనాన్ని చంపుతోందని మనం దాడి చేస్తే ఆ అధికరణం అక్కరకు రాదు. డిసెంబరు 3న పాక్ విమానాలు మన స్థావరాల మీద పడటంతో ఆ చిక్కు తీరింది. అయితే నవంబరు 21నే గరీబ్‌పూర్‌లో మనవాళ్లు సరిహద్దు దాటి పోరాడారు, అది దాచేది కాదు.

సోవియట్ యూనియన్‌తో ఆగస్టు 9న చేసుకున్న ఒప్పందం లేకుంటే భద్రతామండలిలో వాళ్ల వీటో మీద నమ్మకం ఉండేది కాదు. ఐరాస సర్వసభలో డిసెంబరు 7న యుద్ధం ఆపాలన్న తీర్మానం మీద 104-11తో ఓడిపోయాం. ఆ తీర్మానానికి కట్టుబడక్కర్లేదు కాబట్టి 16న పాక్ సైన్యం లొంగిపోయేదాకా నెట్టుకొచ్చాం.

గోదారిగట్టు:
సరే, ఆ ఎనిమిది నెలల్లో పోయిన ప్రాణాలో?

పాతపటం:
ముక్తిబాహినికి (బంగ్లా విముక్తి పోరాట దళానికి) శిక్షణ, ఆయుధాలు ఇస్తూనే ఉన్నారు. దాంతో చంపడం ఆగలేదు, నిజమే. ఏప్రిల్‌లో దిగి వానల్లో ఇరుక్కుంటే ఇంకా ఎక్కువమంది పోయేవారని నా లెక్క. ఇంకొకటి, గెలిచాక ఎవరికి అప్పగించాలన్నది ముందే తేలాలి. బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ఏప్రిల్ 17నే ప్రమాణం చేసింది, దాన్ని మనవాళ్లు డిసెంబరు 6న గుర్తించారు. అందుకే 1972 మార్చి 12న ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి మన సైన్యం వెనక్కి రాగలిగింది.