‘ముసలి’ అనే మాటలో తప్పుందా?

‘ముసలి’ అని రాయకూడదు, అది అవమానం, ‘సీనియర్ సిటిజన్’ అనో ‘వృద్ధులు’ అనో రాయాలని మొన్న ఒకరన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువుంది. కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిందని అక్కడి జనం చెప్పుకునే కోడలి పేరు ముసలమ్మ. ఏడుగురు కోడళ్లలో ఆఖరిది, పడుచు పిల్ల. కన్నబిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారంటే ఆ మాటలో చిన్నతనమేమీ కనిపించనట్టేగా!

నొప్పించేది మాట చివర ఉంటుంది. ముసలాయన, ముసలావిడ అంటే చెవికి ఏమీ తగలదు. ముసలోడు, ముసల్ది అంటే తగులుతుంది. (‘మా ముసలోడు’ అని భార్య అనడం వేరు, అందులో చనువుంది.) మా అమ్మమ్మ ‘ముసలిదాన్ని, నాకెందుకురా కొత్త చీర’ అనేది. ఆ మాట ఆమె అనొచ్చు. ఆస్పత్రిలో ఓపీ వరసలో ఒక కుర్రాడు ‘ఈ ముసల్దాని చీటీ ఏది?’ అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆమె నోరు విప్పలేదు.

‘వృద్ధ’ మంచి మాటే. ‘వృధ్’ అంటే పెరగడం, ‘వృద్ధి’ కూడా అక్కడిదే. అందుకే జ్ఞానవృద్ధులంటాం. కానీ వాడుకలో అది కాగితాల మాటైంది: వృద్ధాప్య పింఛను, వృద్ధాశ్రమం, 60 ఏళ్లు నిండినవారి కోసం 2007లో వచ్చిన వయోవృద్ధుల చట్టం. ఎదురుగా ఉన్న మనిషిని ‘వృద్ధుడు గారూ’ అని ఎవరు పిలుస్తారు?

పిలవడానికి మనకు ‘పెద్ద’ ఉంది. అది వయసుకు మాత్రమే కట్టుబడలేదు. 30 ఏళ్లకే అడుగుపెట్టగల రాజ్యసభను పెద్దల సభ అంటున్నాం. పోయినవాళ్లూ పెద్దలే, భాద్రపద అమావాస్యకు పెద్దలకు పెట్టుకుంటాం. ఒక్క జాగ్రత్త: మగవారిని ‘పెద్దమనిషి’ అంటే గౌరవం. ‘అమ్మాయి పెద్దమనిషి అయింది’ అంటే అర్థం పూర్తిగా వేరు. ఆడవారికి పెద్దావిడ, పెద్దమ్మ అనడమే బాగుంటుంది.

‘అవ్వ’ అంటే నాకు మరీ ఇష్టం. రాయలసీమలో నాయనమ్మ, అమ్మమ్మ. తెలంగాణలో చాలాచోట్ల కన్నతల్లి. ‘అవ్వా, ఇట్ల కూసో’ అని బస్సులో సీటిస్తే ఆమె ఏ జిల్లా మనిషైనా మన ఇంటి మనిషే అవుతుంది.

కడప వైపు ‘జేజి’ అనడం విన్నాను. మీ ఊళ్లో ముక్కూ మొహం తెలియని పెద్దావిడను ఏమని పిలుస్తారు?