షుగర్‌తో రెటీనా దెబ్బతింటే లేజరా, ఇంజక్షనా?

మిర్యాలగూడ ఆయకట్టు:
మా నాయనకు చాలా కాలంగా షుగర్ ఉంది. కంటి వెనుక తెర అయిన రెటీనాలోని సన్నని రక్తనాళాలు కారి, నడిమి భాగమైన మాక్యులా ఉబ్బిందని, కంట్లోనే ఇంజక్షన్ వేయాలని డాక్టరు గారు అంటున్నారు. లేజర్‌తో సరిపోదా? ఖర్చు ఎంతవుతుంది? అనుభవమున్న వారు చెప్పగలరు.

జడ్చర్ల కోడలు:
ఖర్చు సంగతి నాకు తెలియదు గానీ, ఇప్పటికైనా బయటపడినందుకు సంతోషించండి. మా అత్తమ్మ రోజూ పత్రిక చదివేది, నొప్పి లేదు, మసక లేదు. అందువల్ల చుక్కలు వేయించుకొని కంటి లోపల చూపించుకోమంటే వినలేదు. ఒక పొద్దున కంటి ముందు నల్లని దారాలు తేలాయి, సాయంత్రానికి కన్నంతా పొగ కమ్మింది. కొత్తగా పుట్టిన బలహీనమైన నాళాలు చిట్లి లోపల రక్తం నిండిందట.

దేవరకొండ పెద్దన్న:
అసలు కారణం ఎవరూ రాయడం లేదు. మా తమ్ముడు మాత్రలతో ఉన్నంతకాలం చూపు బాగానే ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకే తగ్గింది. నేనైతే ఇన్సులిన్ మాన్పించమనే చెబుతాను.

వనపర్తి ఆప్టోమెట్రిస్ట్:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. ఈ ప్రాంతంలో వేల కళ్ళు పరీక్షించిన వాడిగా చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు, అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొంతకాలం మరింత క్షీణించవచ్చు. అయినా షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే రెటినోపతి, అంటే షుగర్‌తో రెటీనా దెబ్బతినడం, కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గుతుందని 1993లో డీసీసీటీ అనే పెద్ద షుగర్ అధ్యయనం చూపింది. ఇన్సులిన్ మానకూడదు, మొదలుపెట్టే ముందే రెటీనా చూపించుకోవాలి.

దేవరకొండ పెద్దన్న:
డీసీసీటీ టైప్ 1 వారి మీద జరిగింది, మా తమ్ముడిది టైప్ 2. వేల కళ్ళు చూశామని చెప్పి అందరినీ ఒకే గాటన కట్టడం ఏం పద్ధతి సారూ?

వనపర్తి ఆప్టోమెట్రిస్ట్:
అయితే 1998 నాటి యూకేపీడీఎస్ అనే బ్రిటన్ అధ్యయనం కూడా చదవండి, అది టైప్ 2 వారిదే. షుగర్ అదుపుతో సన్నని రక్తనాళాల సమస్యలు నాలుగోవంతు తగ్గాయి. బీపీని గట్టిగా అదుపు చేసిన వారిలో చూపు క్షీణించడమూ తగ్గింది. ఇంతకూ మీ తమ్ముడి బీపీ ఎంత?

దేవరకొండ పెద్దన్న:
కళ్ళ గురించి మాట్లాడుతుంటే బీపీ ఎందుకు తెస్తున్నారు?

నాగర్‌కర్నూల్ పంతులు:
మీ పంచాయితీలో ఆయకట్టు తమ్ముడి ప్రశ్న కొట్టుకుపోయింది. నాకు రెండు కళ్ళకూ లేజర్ అయింది, కాబట్టి చెబుతున్నాను: లేజర్ పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. కాలువ నీళ్ళు చాలనప్పుడు అంచు మడులను వదులుకొని నడిమి మడిని కాపాడుకున్నట్లు, అంచు రెటీనాను కాల్చి దాని ఆక్సిజన్ అవసరాన్ని తగ్గిస్తారు. అప్పుడు కొత్త నాళాలను పుట్టించే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ అణగుతుంది. దానికి ప్రతిగా రాత్రి చూపు కొంత పోతుంది, నేను చీకటి పడ్డాక బండి తీయను. మాక్యులా నడిమధ్యే ఉబ్బి చూపు తగ్గితే మాత్రం ఆ వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజక్షనే ముందు. అలాంటి మందుల్లో ఒకటైన బెవాసిజుమాబ్ నిజానికి పేగు క్యాన్సర్ మందు. కంటికి చిన్న మోతాదులుగా విడదీసి వాడతారు గనుక ఇదే పనికి వాడే రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్‌ల కంటే చాలా చౌక. మొదట్లో నెలనెలా వేసి, తరువాత రెటీనా పొరల వాపును చూపే ఓసీటీ స్కాన్ చూసి వ్యవధి పెంచుతారు. వేయించుకున్నాక కన్ను ఎర్రబడి నొప్పి పుడితే తెల్లవారేదాకా ఆగవద్దు.

మిర్యాలగూడ ఆయకట్టు:
ధన్యవాదాలు సారూ. మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి తీసుకువెళ్దామనుకుంటున్నాం.

జడ్చర్ల కోడలు:
మా చెల్లెకు చిన్నప్పటి నుంచీ షుగర్, ఇప్పుడు మూడో నెల. కళ్ళు కాన్పయ్యాక చూపించవచ్చా?

వనపర్తి ఆప్టోమెట్రిస్ట్:
అంతవరకు ఆగకండమ్మా. గర్భంతో ఉన్నప్పుడు రెటినోపతి వేగంగా ముదరవచ్చు. ఈ వారమే చూపించండి, కాన్పయ్యే వరకు డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్ళీ చూపిస్తూ ఉండండి.