మూకీ వేషగాడి నాటికలో పాటకి ట్రాకా, హార్మోనియమా?

నెల్లూరు_రంగం:
వ్యంగ్య నాటిక. మూకీల్లో హీరో, టాకీ రాగానే గొంతు పనికిరాక బంట్రోతు వేషానికి దిగుతాడు. టౌన్‌హాల్లో ఆడేటప్పుడు షూటింగ్ సీన్లో ముందే రికార్డు చేసిన పాట ట్రాక్ వేసి పెదాలాడిద్దామా, నటుడే పాడాలా? నా ఓటు ట్రాక్‌కే. శ్రుతి తప్పితే పోటీలో మార్కులు పోతాయి.

ఒంగోలు_హార్మోనియం:
కథ 1932లోది కదన్నా, అప్పుడు ప్లేబ్యాక్ ఎక్కడుండాది? బొమ్మా పాటా ఒకేసారి పట్టేవాళ్లు. వాయిద్యగాళ్లు ఫ్రేము బయట, ఏ చెట్టు చాటునో. సెకనుకు 24 ఫ్రేములంటే నిమిషానికి 90 అడుగుల ఫిల్ము. నాలుగు నిమిషాల పాటలో చివరి చరణం దగ్గర దగ్గొస్తే 360 అడుగులు బూడిదలో పోసినట్టే. మన హీరో బతుకు తెల్లారేది ఆ దగ్గుతోనే. ట్రాక్ మీద దగ్గితే ఎవరికి భయం? హార్మోనియం పెట్టి నటుడే పాడాల.

ఇంకోటి, స్క్రిప్టులో కోడంబాకం తీసేయండి. మద్రాసులో టాకీ స్టూడియో వచ్చింది 1934లో. అంతకు ముందు మనోళ్లు బొంబాయో కలకత్తానో పోవాల్సిందే.

నెల్లూరు_రంగం:
కోడంబాకం మారుస్తాం. కానీ పైన వేలాడే మైకులు హార్మోనియాన్నే ముందు లాక్కుంటాయి. మాట మునిగిపోతాది, ఎట్టా?

కావలి_సౌండు:
ఆ సీన్లో వేలాడే మైకులన్నిటి సౌండు తగ్గించేయండి. హార్మోనియం పెట్టె వింగులోకి (స్టేజీ పక్క తెరచాటుకి) జరపండి, దానికి మైకు వద్దు. స్టేజీ మీద పూలకుండీలో ఒక్క డైనమిక్ మైకు దాచండి, ఆ రోజుల్లో దాచినట్టే. లోపలికి దించితే డబ్బాలో మాట్లాడినట్టుంటాది, మైకు తల కుండీ అంచుకి సమంగా ఉండాలి. కింద రెండంగుళాల స్పాంజి లేకపోతే చెక్క మీద అడుగుల చప్పుడే ఎక్కువ. స్పీకర్లు కుండీకి ముందుండాలి, వెనకుంటే కూస్తాది.

నటుడికి రెండడుగుల దగ్గర సుద్దగీత గీయండి. నాలుగడుగులకి పోతే మైకుకి అందే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతాది. హీరోయిన్ వైపు మొహం తిప్పాడా, గొంతు మాయం. వేరే జోకు రాయక్కర్లేదు.

మూకీ సీన్లో ఆర్క్ లైట్ల (కార్బన్ కడ్డీలతో వెలిగే పాతకాలపు స్టూడియో లైట్ల) రొద వినపడనీయండి, టాకీ సీన్లో ఆపండి. మైకు ఆ రొద పట్టేస్తుందనే బల్బులకి మారారు. ఇక ఫ్యాను వేస్తే చప్పుడు, వేయకపోతే బల్బుల వేడికి మేకప్పు కారిపోతాది.

నెల్లూరు_రంగం:
సరే, ఒప్పుకున్నా. దగ్గు పల్లవిలో పెడితే? నాటిక గంటే కదా.

ఒంగోలు_హార్మోనియం:
పల్లవిలో ఇరవై సెకన్లకి పోయేది 30 అడుగులు, ప్రొడ్యూసరు నవ్వేస్తాడు. చివర్లోనే దగ్గించండి.