అప్‌డేట్: సీజే3బీ జీపు బాడీ క్షేమంగా దిగింది

నాన్నగారి పాత మహీంద్రా సీజే3బీ జీపు బాడీని వంగకుండా ఛాసిస్ (కింది ఇనుప ఫ్రేము) మీద నుంచి ఎలా లేపాలని మొన్న అడిగాను కదా. ఆదివారం దింపేశాం, బాడీకి ఏమీ కాలేదు. సలహా ఇచ్చిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది తలుపుల దగ్గర సపోర్ట్ కొట్టించమన్న మాట. ఈ జీపుకి ఇనుప పైకప్పు లేదు, తలుపుల చోటు ఖాళీ. ఫ్లోర్ తుప్పు పడితే బాడీని బిగపట్టి ఉంచేది ఇంకేమీ ఉండదు. అందుకే బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంటు బోల్టులు ముట్టుకోకముందే రెండు వైపులా చదరపు పైపులు వెల్డింగ్ చేయించాం. అంతకంటే ముందు బ్యాటరీ విప్పి, డ్రైవర్ సీటు కింద ఉండే పెట్రోల్ ట్యాంకు తీసి దూరంగా పెట్టాం. నిప్పురవ్వలు ఎగిరే పని, ఇందులో రాజీ వద్దు.

స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ చక్రం ఊడదీస్తేనే బాడీ పైకి వస్తుంది. గేరు రాడ్లు, పెడల్ ప్యాడ్లు, వైరింగ్, హ్యాండ్‌బ్రేక్ కూడా అంతే. బాడీని ఛాసిస్‌తో కలిపే ఎర్త్ వైరు మాత్రం మర్చిపోకుండా విప్పండి. ఏ మౌంటు కింద ఎన్ని వాషర్లున్నాయో ఫొటోలు తీశాం, మళ్లీ ఎక్కించేటప్పుడు లెవెల్ కుదరాలంటే అవే ఆధారం.

చైన్ పుల్లీతో కొంచెం లేపి, ఆపి, చుట్టూ చూసి మళ్లీ లేపాం. వేలాడే బాడీ కిందికి ఎవరినీ పోనివ్వలేదు. ఇక ఛాసిస్ కడిగి పగుళ్లు చూడాలి, ముఖ్యంగా స్ప్రింగ్ హ్యాంగర్ల (స్ప్రింగులను ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ల) దగ్గర.