అమృతా షేర్‌గిల్ పేదోళ్ళ బొమ్మలు: దగ్గరగా చూసి వేసినవా, దూరం నుంచి జాలిపడి వేసినవా?

కోట జంక్షన్ (విజయనగరం):
నిన్న ఆదివారం మా మేడ మీద నలుగురం బొమ్మలేసుకునే వాళ్ళం కూర్చుంటే దీని మీదే పెద్ద గొడవైపోయింది, మీరూ చెప్పండి. షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది, తల్లి హంగరీ ఆవిడ, నాన్నది కలిగిన సిక్కు కుటుంబం. పారిస్‌లో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుని 1934లో ఇండియాకి వెనక్కి వచ్చి సిమ్లాలో కొండ మనుషుల్ని, తర్వాత దక్షిణాది తిరిగి ఇక్కడి పల్లె జనాన్ని వేసింది. తను ఏం వెయ్యాలనుకుందో తనే రాసుకుంది కూడా, పేదోళ్ళ బతుకు చూపించాలి, నోరెత్తని వాళ్ళ లొంగుబాటు, ఓర్పు చూపించాలి, వాళ్ళ వికారంలోనే ఏదో వింత అందం ఉంది అని. నాకు అక్కడే మండింది. వికారం ఏటండీ? ఎండలో పని చేస్తే ఒళ్ళు నల్లబడుతుంది, ఎముకలు తేల్తాయి, అది వికారమా? 1937లో వేసిన స్టోరీ టెల్లర్ 2023లో వేలంలో 61.8 కోట్లకి పోయింది, ఆ బొమ్మలో కూర్చున్నవాళ్ళలాంటి మనుషులకి అందులో ఏం దక్కింది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మాస్టారూ, ఆ 61 కోట్లు ఆవిడ ఖాతాలో వెయ్యకండి. 1941లో 28 ఏళ్ళకే లాహోర్‌లో పోయింది, బతికున్నప్పుడు కొన్నవాళ్ళే తక్కువ. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ ఈవిడ బొమ్మలు తీసుకున్నట్టే తీసుకుని వెనక్కి పంపేశాడు, మైసూరు మహారాజు ఈవిడవి కాదని రవివర్మవి ఎంచుకున్నాడు. అందంగా ఉంటే చాలు అనుకునే కాలంలో ఎవరూ కొనని బొమ్మలేస్తూ కూర్చుంది, జాలి చూపించి పేరు కొట్టేద్దాం అనుకున్న మనిషి అలగ చేస్తాదా?

సిక్కోలు చిన్నోడు:
అన్నా నాకు ఈ ఏడుపు మొహాలు ఎక్కవు. మా ఊళ్ళోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య (వ.పా.) గారు, రవివర్మ బొమ్మలు చూసి చిన్నప్పుడే చెయ్యి తిప్పిన మనిషి, చందమామ, యువ పత్రికలకి వేసిన ముఖచిత్రాలు చూడండి, మన పల్లె పిల్ల కూడా వెన్నెల్లో తడిసినట్టు ఉంటాది. మా నాయనమ్మ ఆ అట్టలు కత్తిరించి గోడకి అంటించుకుంది. పేదోళ్ళని ఎప్పుడూ దిగులుగానే ఎందుకు చూపించాలి?

పలాస రంగులు:
కొంచెం పెద్దదే రాస్తన్నాను, ఇది నాకు బాగా తగిలిన విషయం.

మూడేళ్ళ కిందట మా పక్కింటి పిన్నిని ఆయిల్లో వేశాను. జీడి పిక్కలు కొట్టే పని ఆవిడది, పలాసలో ఆ పని తెలియని వీధి లేదు. పిక్క పగిలితే తొక్కలో జీడి రసం చేతికంటుతుంది, చర్మం కాలుతుంది, అందుకే బూడిద రాసుకుంటారు, అయినా వేళ్ళ చివర్లు నల్లగానే ఉండిపోతాయి, ఎంత తోమినా పోదు. ఆ నలుపు కోసం నేను బ్లాక్ ట్యూబ్ విప్పలేదు, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపి వేశాను, గోరు చుట్టూ మాత్రం ఒక సన్నటి ఎర్ర గీత ఉంచాను ఎందుకంటే అక్కడ చర్మం లేచిపోయి ఉంది. వానాకాలం కదా, కింద పూత ఆరితే గాని పైది వెయ్యలేం, ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ (అవిసె) నూనె నీళ్ళలాగ ఆవిరైపోదు, గాలి పీల్చుకుని గట్టిపడాలి, అలగ రెండు నెలలు పట్టింది. మొహం దగ్గర నేను కూడా షేర్‌గిల్ లాగే అనుకున్నాను, ఓర్పు, మౌనం, కళ్ళు కిందికి. అయ్యాక పిన్ని చూసి ఏమందో తెలుసా? "నన్ను ఏడుస్తున్నట్టేసినావేటి బాబూ, నాను లెక్కెట్టుకుంటన్నాను". కూలి కిలోల లెక్క కదా, పొద్దున్నుంచి ఎన్ని కిలోలయ్యాయి, ఎంతొస్తాది అని లోపల కూడుకుంటంది ఆవిడ. నేను దాన్ని ఓర్పు అనుకున్నాను.

అందుకే నా మాట ఏటంటే, షేర్‌గిల్ రాసింది తప్పు, వేసింది తప్పు కాదు. 1935లో వేసిన త్రీ గర్ల్స్ చూడండి, 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఇచ్చిన బొమ్మ, ముగ్గురూ మన వైపు చూడరు. కూలోళ్ళు అనుకుంటాం గాని వాళ్ళు ఆవిడ బంధువుల పిల్లలే. అంటే ఆ చూపు పేదరికానిది కాదు, మనసులో ఏదో తిప్పుకుంటున్న మనిషిది. అజంతా చూసి వచ్చాక నీడలు తగ్గించి రంగుని గోడ మీద పూసినట్టు పరిచేసింది, బ్రైడ్స్ టాయిలెట్ (పెళ్ళికూతురి ముస్తాబు) బొమ్మలో పెళ్ళికూతురికి జడ వేస్తుంటారు, ఒక్క నవ్వు ఉండదు, మన ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని చెయ్యడం చూసినోళ్ళకి అది అబద్ధం అనిపించదు. లొంగుబాటు అన్న మాట కాగితం మీదుంది, కాన్వాస్ మీద నాకు కనపడలేదు.

ఒకటి మాత్రం కోట జంక్షన్ మాస్టారితో ఒప్పుకుంటాను. ఆవిడ చాలా బొమ్మల్లో చేతులు ఖాళీగా ఉంటాయి. సంతకెళ్ళే దక్షిణాది పల్లెవాళ్ళ బొమ్మ లాంటివి వదిలేస్తే మనుషులు ఊరికే కూర్చుని, నిలబడి ఉంటారు. పని చేసే మనిషి చేతిలో పని లేకుండా వేస్తే దిగులు తప్ప ఏం మిగులుతుంది? అక్కడ దూరం ఉంది, నిజమే. చిన్నోడా, వ.పా. గారి వెన్నెల నాకూ ఇష్టమే, కానీ మా పిన్ని వేళ్ళు ఆ వెన్నెల్లో పెడితే నలుపు పోతాది, ఆ నలుపు పోతే అది పిన్ని కాదు.

కోట జంక్షన్:
వికారం అన్న మాట నేను ఇప్పటికీ క్షమించను తమ్ముడూ. కానీ చేతుల సంగతి నేను చూసుకోలేదు, రాత్రి మళ్ళీ చూస్తాను. మీ బొమ్మ అలాగే ఉంచేశారా?

పలాస రంగులు:
లేదు మాస్టారూ. మూతి దగ్గర కత్తితో గీకేసి మళ్ళీ వేశాను, పెదాలు కొంచెం విడినట్టు, లోపల అంకెలు ఆడుతున్నట్టు. ఇప్పుడు పిన్ని వాళ్ళింట్లోనే టీవీ పైన ఉంది. తేమకి మూల దగ్గర బూజు మొదలైంది, ఈ సంక్రాంతికి దించి తుడిచి వార్నిష్ వెయ్యాలి.